భయం మనస్సులో ఎలా నాటుకొంటుంది?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట భయాన్ని గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరికి తోచవచ్చు. కాని ఇందాక పంచాంగ శ్రవణంలో ఈ యేడు వాన ఎంత, గాలి ఎంత అని చదువుతుంటే మనలో చాలామందికి మనస్సులో మెదిలినది తుఫానే. అందుచేత ఈ విషయం అప్రస్తుతం కాదని నా నమ్మకం. నేను మెట్రిక్ వరకు చదివిన రైల్వే గుమాస్తాను, డాక్టరును కాను. చదివి తెలుసుకొన్న సంగతులను మన చమఖండి ప్రాంతపు అనుభవంతో కలిపి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన గంజాం తీరానికి అక్టోబరు నెల అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. 1999 అక్టోబరు 17, 18 తేదీల తుఫాను బరంపురాన్ని, గోపాల్‌పూర్‌ను అతలాకుతలం చేసింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర గంటకు 200 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మన స్వగ్రామాల కొబ్బరితోటలను, జీడితోటలను నేలమట్టం చేసింది. ఇక్కడి ఇల్లూ, అక్కడి పుట్టిల్లూ రెండూ దెబ్బతిన్న కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఫైలిన్ రాత్రి మీరు ఎక్కడ కూర్చున్నారు, పిల్లలను ఎవరు పట్టుకొన్నారు, ఏ తలుపు కొట్టుకొన్నది అని అడిగితే మీరు నిన్న జరిగినట్లు చెప్పగలరు. దానికి నెల ముందు ఒక మామూలు రాత్రి ఏమి కూర తిన్నారని అడిగితే చెప్పలేరు. రెండూ ఆ మెదడులోకి వెళ్లినవే. ఒకటి నిలిచి, ఒకటి చెరిగిపోవడానికి కారణం మన శరీరంలో పుట్టే కొన్ని రసాయనాలు.

మెదడులో రెండు ప్రక్కలా, కణతలకు లోపలి భాగాన, బాదంపప్పు ఆకారంలో ఒక చిన్న భాగం ఉన్నది. దాని పేరు అమిగ్డలా. గ్రీకు భాషలో ఆ మాటకు బాదం అనే అర్థం. ఇది ప్రమాదాన్ని పసిగట్టే కాపలాదారు. దాని ప్రక్కనే హిప్పోకాంపస్ అనే భాగం ఉన్నది. ఏది, ఎక్కడ, ఎప్పుడు జరిగిందో వ్రాసుకొనే గుమాస్తా అదే.

ప్రమాదం కనబడగానే మూత్రపిండాల మీది గ్రంథులు అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె దడదడలాడడం దాని పనే. విచిత్రమేమంటే ఈ అడ్రినలిన్ మెదడులోకి దాదాపు వెళ్లదు. అది వ్యాగస్ అనే నాడి ద్వారా కబురు మాత్రం పంపుతుంది. మన స్టేషన్ల మధ్య బండి రాకముందే కబురు వచ్చినట్లే. ఆ కబురందుకొని మెదడు తనలోనే నారడ్రినలిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. అది అమిగ్డలాను తట్టిలేపుతుంది. కొన్ని నిమిషాల తరువాత కార్టిసాల్ అనే మరొక రసం కూడా వచ్చి చేరుతుంది. అప్పుడు అమిగ్డలా ప్రక్కనున్న గుమాస్తాకు ‘దీన్ని చెరగని సిరాతో వ్రాయి’ అని ఆజ్ఞ ఇస్తుందన్నమాట.

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మీ అందరికీ తెలుసు. ఒక్కసారి కాలే పాలలో మూతి పెట్టిన పిల్లి తరువాత చల్లని పాలను చూసినా పారిపోయింది. పాల రూపమూ, మంట బాధా ఒకే సమయంలో అమిగ్డలాలోని కణాలను చేరినప్పుడు ఆ రెంటికీ మధ్య లంకె బిగుస్తుంది. గ్లుటమేట్ అనే రసాయనం ఆ లంకెను మొదలుపెడుతుంది. కొన్ని గంటలలో కొత్త మాంసకృత్తులు తయారై దానిని స్థిరపరుస్తాయి. ఆ తరువాత బాధ లేకపోయినా పాలు కనబడితే చాలు. మన పిల్లలకు పాలకు బదులు రేకుల చప్పుడు, అంతే తేడా.

ఇది ఊహ కాదు. 1994లో అమెరికాలో కాహిల్, మెక్‌గా అనే శాస్త్రజ్ఞులు కొందరికి ఒక పిల్లవాడు కారు క్రింద పడిన కథను బొమ్మలతో చూపించారు. అంతకుముందే సగంమందికి ప్రొప్రనొలాల్ అనే మాత్ర ఇచ్చారు. అది అడ్రినలిన్, నారడ్రినలిన్‌ల పనిని అడ్డుకొంటుంది. వారం తరువాత అడిగితే, మాత్ర వేసుకోనివారికి ప్రమాద ఘట్టం ఎక్కువగా జ్ఞాపకమున్నది. వేసుకొన్నవారికి ఆ ఘట్టం మిగతా కథకంటె ఎక్కువగా జ్ఞాపకం లేదు. (ఇది విని ఎవరూ సొంతంగా ఆ మాత్ర వేసుకోరాదు. అది గుండెకు సంబంధించిన మందు.)

మన దేశంలోనే, బెంగుళూరులో, సుమంత్ర చటర్జీ బృందం 2002లో మరొక సంగతి ప్రకటించింది. ఎలుకలను పది రోజులపాటు రోజుకు రెండు గంటలు కదలనివ్వకుండా ఉంచితే వాటి హిప్పోకాంపస్‌లోని కణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. అమిగ్డలాలోని కణాల కొమ్మలు మాత్రం పెరిగాయి! తరువాతి ప్రయోగంలో అలాంటి ఎలుకలకు మూడు వారాలు విశ్రాంతి ఇస్తే మొదటిది కోలుకొన్నది కాని రెండవది తగ్గలేదు. కష్టం గడిచినా దడ మిగిలిపోవడం పిరికితనం కాదనడానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావాలి?

మరి ఈ భయం పోదా? పూర్తిగా చెరిగిపోవడం అరుదు. కాని దానిమీద మరొక పాఠం వ్రాయవచ్చు. నుదుటి వెనుకనున్న మెదడు భాగం ‘ఇది ఉత్త గాలి, తుఫాను కాదు’ అని నేర్చుకొని అమిగ్డలాను అదుపులో పెడుతుంది. పాత లైను పీకివేయలేదు, పాయింట్లు మార్చి బండిని కొత్త లైనుమీదికి మళ్ళించామన్నమాట. అందుకే కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ అక్టోబరులో భయం తిరిగివస్తే నిరాశపడవద్దు. పాఠం మళ్ళీ చెప్పాలి.

ఇక మన ఇళ్ళలో చేయదగిన పనులు చెబుతాను. గాలికి ఉలిక్కిపడే బిడ్డను ‘ఇంత పిరికివాడివేమిరా’ అని వెక్కిరించవద్దు. అన్నం తినలేదని బూచివానికి పట్టిస్తామని బెదిరించవద్దు. ఆ రాత్రి సంగతి వాడంతట వాడు చెబితే ఓపికగా వినండి, చెప్పమని బలవంతపెట్టవద్దు. ఎండకాచే రోజున చేయి పట్టుకొని సముద్రతీరానికి తీసుకువెళ్ళండి, మాటిమాటికీ తీసుకువెళ్ళండి. ఇంటి ఆడవారు నిద్రపట్టడం లేదంటే దృష్టిదోషమని త్రోసివేయవద్దు. పీడకలలు, దడ నెలకు మించి ఉంటే బరంపురం ఎం.కె.సి.జి. వైద్యకళాశాలలో మానసిక వైద్యులున్నారు. 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

అట్లని భయం మనకు శత్రువని కాదు. 1999 అక్టోబరు 29నాటి మహాతుఫానులో ఒడిశాలో సుమారు 10 వేలమంది చనిపోయారు. 2013లో సుమారు 10 లక్షలమందిని ముందుగానే సురక్షిత స్థలాలకు చేర్చారు, మృతుల సంఖ్య పదులలోనే ఆగింది. హెచ్చరికలు, ఆశ్రయ భవనాలు దానికి ముఖ్య కారణాలు. కాని చెప్పగానే మూటముల్లె సర్దుకొని కదలడానికి పాత జ్ఞాపకమూ తోడ్పడి ఉంటుందని నేననుకొంటాను. హెచ్చరిక వచ్చిన రోజున భయం మాట వినాలి. రాని రోజున దానికి నచ్చజెప్పాలి.

ఈ ఉదయం మనమందరం తిన్న పచ్చడిలోనుంచి వేపపువ్వును ఎవరూ ఏరివేయలేదు. బెల్లం, మామిడి కలిపి తిన్నాము. ఇంట్లో భయపడేవారి విషయంలోనూ మనం చేయగలిగినదీ, చేయవలసినదీ అదే.

 కొత్త సంవత్సరం మన కుటుంబాలకూ, మనకు చోటిచ్చిన ఈ ఒడియా సోదరులకూ సుఖశాంతులనిచ్చుగాక!