కదురు, గడియారం, కార్ఖానా



ఇంటి చావడిలో, మనిషి కండబలంతో, ఇంటిల్లిపాదీ కలిసి చేసుకునే పనిని ఒకే కప్పు కిందికి చేర్చి, నీటి వేగంతోనో ఆవిరి బలంతోనో నడిచే యంత్రానికి అప్పగించి, ఆ యంత్రం అడుగులకు మనిషి అడుగు కలపవలసిన స్థితి కల్పించడాన్ని పారిశ్రామికీకరణ అంటారు. ఈ మాట వినగానే ఆవిరియంత్రం, రైలుబండి, ఉక్కు కొలిమి కళ్ల ముందు మెదులుతాయి గాని, మార్పు మొదలైంది వాటితో కాదు, నూలుపోగుతో. ఆ పోగు ఒక కొస ఇంగ్లండులోని లాంకషైర్‌లో ఉంటే, రెండో కొస కోరమండల్ తీరాన తెలుగు నేతగాళ్ల మగ్గాల మీద ఉండేది. నరసాపురాన్ని ఆనుకుని ఉన్న మాధవాయపాలెంలో పదిహేడో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉండేది. ఇంగ్లీషువారి నోట ఆ ఊరి పేరు ‘మడపోలం’గా మారి, చివరికి ఒక రకం మెత్తని నూలుబట్టకే పేరుగా నిలిచిపోయింది. తరువాతి కాలంలో లాంకషైర్ మిల్లులు కూడా తమ బట్టను ఆ పేరుతోనే అమ్ముకున్నాయి.

మచిలీపట్నం అద్దకాలు, బెంగాలు మస్లిన్లు ఇంగ్లండులో ఎంతగా చెల్లుబాటయ్యాయంటే, అక్కడి ఉన్ని, పట్టు పనివాళ్ల ఒత్తిడికి తలొగ్గి పార్లమెంటు 1700లోను, మళ్లీ 1721లోను అద్దకపు నూలుబట్టలను కట్టడిచేసే చట్టాలు తెచ్చింది. స్వేచ్ఛా వాణిజ్యాన్ని తరువాత లోకానికంతటికీ బోధించిన దేశం తన నూలు పరిశ్రమను నిషేధపు గోడ చాటునే పెంచుకుందన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో అంత ప్రముఖంగా కనిపించదు. అయితే గోడ ఒక్కటే యంత్రాన్ని పుట్టించదు. ఇంగ్లండులో కూలి రేట్లు ఎక్కువ, బొగ్గు చవక. కాబట్టి మనిషి చేతికి బదులు యంత్రం పెట్టడం అక్కడ గిట్టుబాటయింది, కూలి చవకైన చోట గిట్టలేదు. ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ అలెన్ చేసిన ఈ వాదన మీద వివాదం లేకపోలేదు గాని, తెల్లవాళ్ల తెలివికే ఘనతంతా కట్టబెట్టే పాత కథకంటే ఇది మేలు.

1733లో జాన్ కే ఎగిరే నాడెను తయారుచేయడంతో మగ్గం వేగం పుంజుకుంది; పడుగులోంచి నాడె ఇటునుంచి అటు దూసుకుపోతుంటే, నలుగురైదుగురు వడికిన నూలు కూడా ఒక్క నేతగాడికి చాలని పరిస్థితి వచ్చింది. ఆ కరువు తీర్చడానికి 1760లలో హార్‌గ్రీవ్స్ ఒకే చక్రంతో ఎనిమిది కదుళ్లు తిప్పే జెన్నీని, ఆర్క్‌రైట్ నీటిబలంతో వడికే చట్రాన్ని, 1779లో క్రాంప్టన్ ఈ రెండు పద్ధతులనూ కలిపి మ్యూల్‌ను తెచ్చారు. 100 పౌన్ల దూదిని నూలుగా వడకడానికి చేతి కదురుకు 50,000 గంటల శ్రమ పడితే, 1825 నాటి స్వయంచాలక మ్యూల్‌కు 135 గంటలు సరిపోయాయని చరిత్రకారుల అంచనా. ఒక గంట పనికి ఎంత సరుకు తయారవుతుందో దాన్ని ఉత్పాదకత అంటారు. మానవ చరిత్రలో అది ఇంత తక్కువ కాలంలో ఇంతగా పెరిగిన సందర్భం అంతకుముందు లేదు.

ఈ దెబ్బ ముందుగా తగిలింది నేతగాడికి కాదు, నూలు వడికే ఆడవారికి. లాంకషైర్ పల్లెల్లోనూ ఆంధ్రదేశపు పల్లెల్లోనూ రాట్నం ఇల్లాలి చేతి పనిముట్టే. వితంతువుకు, వృద్ధురాలికి అదొక ఆసరా. ఇంగ్లండు వడుకుపనివాళ్లు 1768లో హార్‌గ్రీవ్స్ ఇంటి మీద పడి జెన్నీలు విరగ్గొట్టారు గనుక వారి గోడు చరిత్రకెక్కింది. మిల్లు నూలు దిగుమతై, అటకెక్కిన తెలుగు రాట్నాల గోడు ఏ రికార్డులోనూ సరిగా నమోదు కాలేదు. నేతగాడు మిల్లు నూలునే కొని మగ్గానికెక్కించి నిలదొక్కుకున్నాడు; పెడన, మంగళగిరి, పోచంపల్లి మగ్గాలు ఈనాటికీ ఆడుతున్నాయంటే అందుకే. చేనేత పతనం గురించి రాసేవారు మగ్గాన్ని తలచినంతగా కదురును తలచరు; ఇది కేవలం మరపు కాదు, ఇంటి పనిని పనిగా లెక్కించని పాత అలవాటు.

లాంకషైర్ నేతగాడి కథ మరో మలుపు తిరిగింది. యంత్రపు నూలు చవకగా, పుష్కలంగా దొరికిన తొలి రోజుల్లో అతని రాబడి పెరిగింది. బోల్టన్‌లో 1805 ప్రాంతంలో వారానికి 25 షిల్లింగులు సంపాదించాడు. మరమగ్గం వ్యాపించాక, 1830 నాటికి అదే పనికి 6 షిల్లింగులు కూడా గిట్టని దశకు దిగజారాడు. యంత్రాలు విరగ్గొట్టడాన్ని అంతకుముందే 1812లో పార్లమెంటు మరణశిక్షకు తగిన నేరం చేసింది. ‘లడ్డైట్లు’ అని పేరుపడ్డ యంత్రవ్యతిరేక కార్మికుల్లో 17 మందిని 1813 జనవరిలో యార్క్‌లో ఉరితీశారు. వీరిని ప్రగతి శత్రువులని తరువాతి తరాలు ఎగతాళి చేశాయి గాని, తమకేం జరగబోతోందో వారు వేసుకున్న అంచనాలో తప్పేమీ లేదు. 1780 నుంచి 1840 వరకు బ్రిటన్‌లో ఒక్కో కార్మికుడి ఉత్పత్తి 46 శాతం పెరిగితే, ధరల పెరుగుదల తీసివేయగా మిగిలే నిజ వేతనం 12 శాతమే పెరిగిందని అలెన్ లెక్కకట్టి, ఈ అంతరానికి, ఆ కాలపు కార్మికుల దుస్థితి గురించి రాసిన ఎంగెల్స్ పేరిట ‘ఎంగెల్స్ విరామం’ అని పేరు పెట్టాడు. విరామం అంటే వినడానికి చిన్న మాటే. అరవై ఏళ్లంటే మాత్రం ఆ కాలపు కూలివాడికి ఒక జీవితకాలం కన్నా ఎక్కువే. ఇక మిల్లుల్లోకి దూది ఎక్కడిదంటే, పందొమ్మిదో శతాబ్దం నడిమికల్లా అందులో సింహభాగం అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసలు ఏరినదే.

వేతనానికి మించి మారింది కాలం. సోమవారం పని ఎగ్గొట్టి, వారాంతంలో రాత్రుళ్లు కూర్చుని నేత పూర్తిచేయడం ఇంగ్లీషు చేతిపనివాళ్లలో ఎంత పాతుకుపోయిన అలవాటంటే, వారు ఆ రోజును ‘పవిత్ర సోమవారం’ అని వేళాకోళంగా పిలుచుకునేవారు. ఒకప్పుడు మంగలి పని చేస్తూ విగ్గులు తయారుచేసిన ఆర్క్‌రైట్ 1771లో క్రామ్‌ఫర్డ్‌లో కట్టించిన నూలు మిల్లు ఆ వెసులుబాటుకు గండికొట్టింది. రాత్రింబవళ్లు వంతులవారీగా నడిచిన ఆ మిల్లును జోసెఫ్ రైట్ చీకటి లోయలో వరుసగా వెలిగే కిటికీలతో చిత్రించాడు. చూడటానికి దీపావళిలా ఉన్నా, ఆ కిటికీల వెనక పనిచేసేవారిలో చాలామంది పిల్లలు. పొద్దునే ముందుకు, సాయంత్రం వెనక్కు గడియారం ముళ్లు తిప్పే యజమానుల సంగతిని కార్మికులు విచారణ సంఘాల ముందు చెప్పుకున్నారు. పొద్దు చూసి పని మొదలుపెట్టే మనిషి గంట మోత విని ఉలిక్కిపడే మనిషిగా మారాడు. ఈనాడు పట్టభద్రులు చేరబోయే కార్యాలయాల హాజరు యంత్రాలకు వంశవృక్షం గీస్తే క్రామ్‌ఫర్డ్ గంట దగ్గర తేలుతుంది.

ఆ ‘ఎంగెల్స్ విరామాన్ని’ యంత్రం తనంతట తాను ముగించలేదు. 1833 నాటి కార్ఖానాల చట్టం తొమ్మిదేళ్లలోపు పిల్లలను పట్టు మిల్లుల్లో తప్ప మిగిలిన బట్టల మిల్లుల్లో పెట్టుకోరాదని, పదమూడేళ్లలోపు వారిచేత రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదని శాసించి, దేశం మొత్తానికి నలుగురు తనిఖీదారులను నియమించింది. వారిలో లెనార్డ్ హార్నర్ భూగర్భశాస్త్రవేత్త. అంతకుముందు లండన్‌లో కొత్తగా వెలసిన విశ్వవిద్యాలయానికి నిర్వాహకుడు. విశ్వవిద్యాలయపు గది విడిచి మిల్లు మెట్లెక్కిన ఆయన పాతికేళ్లకు పైగా నివేదికలు రాశాడు. అయితే చట్టానికి మొదట్లోనే ఒక చిక్కు ఎదురైంది. ఇంగ్లండులో జననాల ప్రభుత్వ నమోదు 1837లో గాని మొదలు కాలేదు. పిల్లవాడి వయసెంతో రుజువు చేసే కాగితమే లేదు. కూలి డబ్బు అవసరమైన తల్లిదండ్రులు, చవక కూలి అవసరమైన యజమాని ఇద్దరూ ఎక్కువ వయసే చెప్పేవారు, వైద్యుడు ఎత్తు చూసి సంతకం చేసేవాడు. 1837లో ఎడ్విన్ సాండర్స్ అనే యువ దంతవైద్యుడు వెయ్యిమందికి పైగా పిల్లల నోళ్లు పరీక్షించి, ఎత్తుకన్నా పళ్లే వయసును నమ్మకంగా చెబుతాయని చిన్న పుస్తకం రాసి పార్లమెంటుకు సమర్పించాడు. తిండి చాలక ఎత్తు ఎదగని పిల్లలకైనా పళ్లు దాదాపు వేళకే వస్తాయి. మిల్లు వాకిట్లో నోరు తెరిచి నిలబడిన పిల్లవాడికి రెండో విడత దవడపళ్లు ఇంకా రాకపోతే, పదమూడేళ్లు నిండలేదని తేలి, ఆ పూట అతడు తొమ్మిది గంటల పనితోనే ఇంటికి వెళ్లవచ్చు.