మూలనున్న కారు చప్పుడు చేస్తే

రాజపాళయంలో మన తెలుగిళ్లలో పిల్లలు చెన్నైకో అమెరికాకో వెళ్లిపోతే, వాకిట్లో కారు నెలల తరబడి కవరు కప్పుకొని అలాగే ఉండిపోతుంది. పొంగలికి వచ్చి తాళం తిప్పితే వింత చప్పుళ్లు.

తాళం తిప్పకముందే బానెట్ ఎత్తి చూడండి. పడమటి కనుమల పాదాన, మామిడి తోటల నడుమ ఉన్న ఊరు మనది. ఎలుకలకూ ఉడతలకూ ఇంజిన్ సందుల కంటే భద్రమైన చోటు దొరకదు. గూటి పీచు ఫ్యానుకు తగిలితే గరగరమంటుంది. వైర్లు కొరికి ఉంటే మాత్రం అసలు స్టార్ట్ చేయొద్దు.

టిక్‌టిక్‌మని ఆగిపోతే తప్పు చాలావరకు బ్యాటరీది. స్టార్ట్ అయ్యాక పైభాగంలో టకటకలాడితే, ఆయిల్ అంతా అడుక్కి దిగిపోయిందన్నమాట. కొన్ని సెకన్లలో అది అణగాలి. అణగకపోయినా, ఆయిల్ దీపం ఆరకపోయినా వెంటనే ఆపేయండి. కీచుమనేది బెల్టు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల తడికి అలా అరవడం మామూలే. ఆరాక కూడా అరిస్తే మార్చాలి. బండి కదిలేటప్పుడు చక్రాల దగ్గర బరబర వినిపిస్తే బ్రేకు డిస్కుల మీది తుప్పు. మెల్లగా నాలుగుసార్లు బ్రేకు వేస్తే సాధారణంగా పోతుంది.

నిజంగా భయపడాల్సింది, ఇంజిన్ అడుగునుంచి వచ్చి, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరిగే దబదబ చప్పుడుకు. బేరింగులు అరిగితే వచ్చే చప్పుడది. బండి నడపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

ఊళ్లో ఉన్న పెద్దలకు నా మనవి. నిలబెట్టి ఇంజిన్ ఆడించినంత మాత్రాన చాలదు. పదిహేను రోజులకొకసారి శ్రీవిల్లిపుత్తూరు దాకా నడిపి తీసుకురండి.