స్థూలకాయులకు ఊయల పడక



ఆకాశవాణిలో మాటయే గాని మనిషి కనబడడు గనుక, నా బరువు 112 కిలోలని మొదటనే మనవి చేసికొనుట న్యాయము. తోటలకును వనములకును విడిదికి పోవువారు రెండు చెట్ల నడుమ కట్టుకొని శయనించు ఊయల పడక యొకటి కలదు. అంగళ్లలో దానిని హామక్ అందురు. నావంటి దొడ్డ శరీరము గలవారు దానిని ఎట్లు ఎన్నుకొనవలెనన్నదియే నేటి ప్రసంగము. సన్ననివారును వినవచ్చును, వారి బంధువులలో లావుపాటి బావగారొక్కరైన లేకపోరు.

మూడేండ్ల క్రిందట వేసవిలో కొల్లాపురము చెంతనున్న మా మేనమామ మామిడితోటకు పోయితిమి. పూర్వము మహబూబ్‌నగరు జిల్లాలో నుండి, 2016లో నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన ఊరది. క్రొత్తగా కొన్న ఊయల పడకను వెంట తీసికొనిపోయితిని. సంచిమీద 200 కిలోలని అచ్చువేసి యుండెను. ఆ యంకెను నమ్మితిని గాని నా శరీరమును నమ్మలేదు. నడుమ క్రుంగి నేల తాకునేమోయని భయపడి, నలుగురు పిల్లలచేత లాగించి, వీణతంతివలె బిగించి కట్టించితిని. ఎక్కి పండుకొనగనే బట్ట యంచులు రెండు ప్రక్కలనుండి భుజములను పిండివేసినవి. ఒత్తిగిలబోవునంతలో త్రాడు పుటుక్కున తెగెను. పిల్లలు మొదట జడిసిరి, పిదప నవ్విరి. మేనమామ నవ్వలేదు, "నీకు మంచమే నయము, అల్లుడా" అని మాత్రమనెను. నడుము నొప్పి పదునైదు దినములలో తగ్గినది. ఆ మాట మాత్రము తగ్గలేదు. ఆ చలికాలమున మిత్రులు నల్లమలకు పోవుచు నన్ను రమ్మనిరి. పనియున్నదని బొంకి యింటనే యుంటిని.

తప్పెక్కడనున్నదో మరుసటి యేడు అదే తోటలో తెలిసినది. కాయ కోయుటకు వచ్చిన యొక తల్లి తన బిడ్డకు మామిడికొమ్మనుండి పాతచీరతో తొట్టెల కట్టుచుండెను. చీర రెండు కొనలును నిలువుగా దిగి, అడుగున సంచివలె వదులుగా నుండెను. బిడ్డ అందులో ఒదిగి నిద్రించెను. ఆమె వదులుగా కట్టినది. నేను బిగించి కట్టితిని.

త్రాటి నడుమ ఒక నిండు కడవను వ్రేలాడదీసి, ఇరువురు చెరియొక కొనను పట్టుకొని నిలిచిరనుకొనుడు. దగ్గరగా నున్నంతసేపు చెరిసగము బరువే. దూరము జరుగుకొలది చేతులు పీకును. త్రాటిని బొత్తిగా సమముగా నిలుపుట ఎంతటి బలశాలురకైనను సాధ్యము కాదు. ఊయలకును ఇదియే లెక్క. పట్టీలు అడ్డగీతకు 30 డిగ్రీల వాలున దిగినయెడల నా 112 కిలోలకు ఒక్కొక్క ప్రక్క 112 కిలోల లాగుడు పడును. వాలు 10 డిగ్రీలకు తగ్గినచో ఆ లాగుడు 320 కిలోలు దాటును. నెమ్మదిగా ఎక్కక ధబాలున కూలబడినచో మరింత. డిగ్రీలు కొలుచు సాధనము అక్కరలేదు. చెట్టునుండి అడ్డముగా 7 జానలు వచ్చునప్పటికి పట్టీ 4 జానలు దిగియున్న చాలును. సన్ననివానికి బిగింపు అసౌకర్యము మాత్రమే, మనకది అపాయము. చిత్రమేమన, భయముచేత ఎక్కువగా బిగించువారమును మనమే.

వదులుగా కట్టిన అరటిపండువలె వంగి పడుకొనవలెనా యని మీరడుగుదురు. పడక పొడవునకు సరిగా పండుకొన్న అట్లే అగును. ఐమూలగా పండుకొనవలెను, తల ఒక ప్రక్కకు, కాళ్లు రెండవ ప్రక్కకు. అప్పుడు వీపు క్రింద బట్ట చదునగును. ఇందుకే మనకు పొడవును వెడల్పును కావలెను. బట్ట 11 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉన్నచో నావంటివానికి సుఖము. 9 అడుగుల పడక ఎన్ని కిలోలు మోయునని వ్రాసియున్నను, అది మోయును గాని నిద్రపుచ్చదు. రెండు కొనల యందు కొయ్యబద్దలు పెట్టి చాపవలె పరచిన రకమొకటి కలదు. అంగడిలో చూపునకు చక్కగా నుండును. కాని అందు శరీరము బట్ట లోనికి దిగక పైననే నిలుచును గనుక, కొంచెము ఒత్తిగిలిన బోర్ల పడవేయును. దానిజోలికి పోవలదు.

బట్ట సంగతి మన ప్రాంతమువారికి ఒకరు చెప్పనక్కరలేదు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట మగ్గముల నడుమ పెరిగినవారము. పడుగు పేకలు వ్రేళ్లకే తెలియును. నూలుబట్ట మేనికి హాయి, కాని తడిసిన ఆరదు, బూజు పట్టును. విడిదికి నైలానో పాలిస్టరో మేలు. నైలాను సాగును, బరువుకొలది మరింత సాగి పిక్కలను నొక్కును. పాలిస్టరు తక్కువ సాగును. ఏదైనను రెండు పొరలది మంచిది. నడుమ నడుమ లావుపాటి పోగులతో గళ్లుగా నేసినది చూడుడు. చిన్న చిరుగు పెద్దది కాకుండ ఆ గళ్లు ఆపును.

నాకు తెగినది బట్ట కాదు, త్రాడు. సంచిమీది యంకె బట్టదో, త్రాటిదో, కొక్కెముదో అందు చెప్పలేదు, నేనడుగలేదు. వీనిలో బలహీనమైనది ఎంత మోయునో అదియే మొత్తపు పడక మోయు బరువు. సన్నత్రాటికి మారుగా నవారువంటి వెడల్పు పట్టీలు కొనుడు. రెండంగుళముల పట్టీ చెట్టు బెరడును కోయదు. నల్లగొండ సీమలో తాడెక్కు గౌడన్న మోకును ముత్తాదును చేతితో తడిమి చూచుకొనక చెట్టు మొదట కాలుంచడు. అతనిది ప్రాణభయము, మనది నడుము భయము. ఎక్కుటకు ముందొకసారి తడిమి చూచుటకు ఎంతసేపు పట్టును?

చెట్టు పచ్చిగా, నిటారుగా, రెండు చేతుల పిడికిట ఇముడనంత లావుగా నుండవలెను. పైన ఎండుకొమ్మ ఉన్న ఆ నీడ విడిచిపెట్టుడు. ఎక్కినప్పుడు కుర్చీయంత ఎత్తుండవలెను, అనగా 18 అంగుళములు. ముందు నడుమ కూర్చుండి, పిదప కాళ్లు పైకి తీసికొనుడు. అమ్రాబాదు పులుల అభయారణ్యమున తోచిన చోటనెల్ల కట్టుకొనరాదు; అటవీశాఖవారు అనుమతించిన చోటనే విడిది. చలికాలపు రాత్రి అక్కడ క్రిందినుండి గాలి తగిలి వీపు జిల్లుమనును. పలుచని దుప్పటి మన బరువునకు అణగి అట్టయగును. కురుమలు నేయు గొంగడిని వీపు క్రింద పరచుకొనుడు.

కొనునప్పుడు అంగడివానిని కట్టి చూపుమని అడుగుడు. ఐమూలగా పండుకొని పావుగంట కదలకుండుడు. అతడు మీ వంక, పిదప కొక్కెము వంక చూచును. చూడనిండు.

ఈ యేడు మరల కొల్లాపురము పోయితిని. మేనమామ ముందుగనే నులకమంచము తెప్పించి చెట్టుక్రింద వేయించియుంచెను. నేను 7 జానలకు 4 జానలు కొలిచి ఊయల కట్టుకొని, భోజనమైన పిదప రెండు గంటలు నిద్రించితిని. మేల్కొనునప్పటికి ఆయన ప్రక్కన నిలిచి పట్టీని తడిమి చూచుచుండెను. "ఒకసారి దిగుము, నేనును చూచెదను" అనెను. సాయంకాలము వరకు నాకు నులకమంచమే గతియైనది.