గుల్లలు పరీక్షకి ఇస్తున్నాం: వార్షిక మహాసభలో మా సంఘం తరఫున చదివిన ప్రసంగం



మాది కాకినాడ తీరం. పాటు వేళ నడుంలోతు నీళ్లలో దిగి బుడిత గుల్లలు ఏరి అమ్ముకుంటాం. మాంసం ఒకరు కొంటారు, చిప్పలు సున్నం బట్టీకి పోతాయి. పోయినేడు కాలేజీ నుంచి ఇద్దరు ఆడపిల్లలు వచ్చి, నెలనెలా కొన్ని గుల్లలిస్తే సీసం, కాడ్మియం ఎంతుందో చూస్తామన్నారు. మేం ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే గదమాయించి పంపేశాం. విషముందని పేపర్లో పడితే మన గంప ఎవరు కొంటారు?

వాళ్లు మళ్లీ వచ్చారు. నీళ్లు పరీక్ష చేసుకోవచ్చు కదా, గుల్లలెందుకని అడిగాం. నీళ్లలో ఇవాళ ఉన్నది రేపటి పోటుకి కొట్టుకుపోతుంది. గుల్ల ఉన్నచోటే ఉండి నీళ్లు పీల్చి, తిండి వడకట్టుకుని వదులుతుంది. తిండితోపాటు లోహమూ ఒంట్లో చేరుతుంది. నీళ్ల పరీక్ష అంటే చేతిలో చిల్లర, గుల్ల అంటే పాసుబుక్కు అని మా బుక్‌కీపర్ అంటే అందరం నవ్వాం. నెలల జమంతా అందులో కనపడుతుంది. అమెరికాలో 1986 నుంచి ఆల్చిప్పలతోనే తీరమంతా ఇలా చూస్తున్నారట.

ఉడకబెడితే పోదా అని మాలో ఒక పెద్దమ్మ అడిగింది. పోదు. ఉడికిస్తే క్రిములు చస్తాయి గానీ లోహం చావదు. జపాన్‌లో మినమాత అనే ఊళ్లో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం సముద్రంలో కలిసింది. ముందు పిల్లులు పిచ్చెత్తినట్టు గంతులేసి చచ్చాయి. చేపలు, గుల్లలు తిన్న మనుషులకి కాళ్లూ చేతులూ పట్టు తప్పాయి. 1956లో జబ్బు బయటపడింది. తల్లి బాగానే ఉన్నా కడుపులో బిడ్డకి సోకింది. ఇది విన్నాక మాలో ఎవరూ మాట్లాడలేదు. అమ్మగా మిగిలినవి మన పిల్లలే కదా తినేది!

ఇప్పుడు ఇస్తున్నాం. మూడు చోట్ల నుంచి, ప్రతిసారీ అవే చోట్లు, ఒకే సైజువి. ఒక రాత్రి శుభ్రమైన సముద్రపు నీళ్లలో ఉంచి బురద కక్కించాలి, లేకపోతే బురదలోని లోహం కూడా లెక్కలోకి వస్తుంది. ఇనప కత్తి తగలకూడదు. మొదటిసారి మాంసం తీసి సిల్వర్ గిన్నెలో పంపాం. అదంతా పనికిరాలేదు, ఆ రోజు కూలీ కూడా పోయింది.

రిపోర్టు ఇంకా రాలేదు. వచ్చాక ముందు మా మీటింగులో చదవాలని షరతు పెట్టాం, ఒప్పుకున్నారు. ఒక చోట ఎక్కువుందంటే అక్కడ ఏరడం మానతాం. మానితే ఆ నెల కిస్తీ ఎవరు కడతారు? మాలో పదకొండు మందికి ఇదే బతుకు. కనుక అలాంటి సభ్యులకి మూడు నెలలు కిస్తీ వాయిదా ఇవ్వాలని, అపరాధ వడ్డీ వేయకూడదని ఇవాళే తీర్మానం రాయమని కోరుతున్నాం. రిపోర్టు వచ్చాక అడిగితే మామీద జాలిపడి ఇచ్చినట్టుంటుంది, అది మాకిష్టం లేదు.

వచ్చే అమావాస్య పాటుకి మళ్లీ దిగుతున్నాం. చూడాలనుకున్న సంఘాల వాళ్లు రండి, టైము ముందురోజు ఫోన్‌లో చెప్తాం.