ఒక్క ఓటు కథ: ‘మార్టిన్ లూథర్ కింగ్’

పంచాయతీ ఎన్నికలలో ఒక్క ఓటుకు ఎంత విలువ ఉన్నదో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల శ్రోతలకు మేము చెప్పనక్కరలేదు. ఓట్లు సమానమైనప్పుడు చీటీలు వేసి విజేతను తేల్చడం అక్కడి నియమమే. కనుక 2023 అక్టోబరులో విడుదలైన ‘మార్టిన్ లూథర్ కింగ్’ చిత్రకథ వారికి వింతగా తోచదు.

పడమరపాడు అనే కల్పిత గ్రామంలో పదవికై సవతితల్లుల బిడ్డలైన జగ్గు, లోకి పోటీపడతారు. కులాల లెక్క చూస్తే ఇరువర్గాల బలమూ సమానం. మిగిలినవాడు చెట్టునీడన చెప్పులు కుట్టుకొనే ఒక అనాథ. దాచుకొన్న సొమ్ముకు తపాలా కార్యాలయంలో ఖాతా తెరవబోగా అతనికి పేరే లేదని తేలుతుంది. అక్కడి ఉద్యోగిని పెట్టిన పేరే చిత్రానికీ పేరయినది. పేరు వెంట ఓటు వస్తుంది. ఓటు వెంట మర్యాద వస్తుంది. నిన్నటివరకు తిట్టుపేర్లతో పిలిచిన నోళ్లే నేడు వరుసలు కలుపుతాయి. చిత్రానికి ప్రాణం ఇక్కడే ఉన్నది. వెనుకటి పేరడీ చిత్రాల ఆర్భాటమంతా విడిచి, సంపూర్ణేశ్ బాబు ఈ పాత్రను తగ్గుస్వరంతో పోషించారు. దర్శకురాలు పూజా కొల్లూరు. అయితే మడోన్ అశ్విన్ తమిళ చిత్రం ‘మండేలా’ (2021) చూచినవారికి ఇందులో కొత్తదనం స్వల్పమే.

మాకు సందేహం కలిగించినది ఉత్తరార్ధం. తనకై కానుకలు పుచ్చుకొన్న మనిషే పిమ్మట ఊరికి కావలసిన సౌకర్యాలు కోరి, అభ్యర్థులచేత పనులు చేయిస్తాడు. చూడ ముచ్చటే. కాని ఓటుకు నోటు తప్పయినప్పుడు ఓటుకు రోడ్డు ఒప్పవుతుందా? గుడికి విరాళమిచ్చేవారికి సర్పంచ్ పదవిని వేలంలో కట్టబెట్టి, దానికి ఏకగ్రీవమని పేరు పెట్టిన ఉదంతాలు పత్రికలలో చదివియున్నాము. ఆ వేలానికీ ఈ బేరానికీ భేదమెంత? చిత్రం ఈ ప్రశ్నను తాకి తప్పుకొన్నది. అభ్యర్థులను చూచి నవ్వినంతగా ఓటర్లను చూచి నవ్వలేదు.

మరొక లోపం. బరిలో ఉన్న ఇద్దరూ పురుషులే. తెలంగాణలో సర్పంచ్ పదవులలో సగం స్త్రీలవి. 2018 నాటి చట్టంతో మానుకోట ప్రాంతపు తండాలెన్నో స్వయంగా పంచాయతీలయినవి. భార్య సర్పంచ్ కాగా సభలో భర్త మాట్లాడటం, ఆమె సంతకం మాత్రం చేయడం మన పల్లెలకు కొత్త కాదు. వ్యంగ్యానికి ఇంతటి ముడిసరుకు వాకిటనే పడియుండగా, పడమరపాడులో స్త్రీ పోటీచేయదు.