నిప్పుతో తొలిచిన మరిగె



మన పాఠశాల పెద్ద తరగతుల బాలబాలికలచేత ఒక్కొక్క కొయ్యపాత్రను వారి చేతులతోనే చేయింపవలెనని మేము తలపెట్టియున్నాము. ఉలి లేదు, బాడిస లేదు, తరిమెన లేదు. నిప్పు, నీరు, రాయి, ఓపిక, ఇవియే పనిముట్లు. ఈ మాట విని కొందరు తల్లిదండ్రులు, "చదువుకొన పంపిన బిడ్డలకు కొయ్య తొలుచు పని యేల?" అని అడిగినారు. అడుగదగిన ప్రశ్నయే. దానికి సమాధానము చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచినాము.

కోరమండల్ వాకిట నిలిచి చూచినవారికి గనుల కట్టడములును, సైనైడు దిబ్బలును కనబడును. ఈ సీమ చరిత్రము ఆవిరియంత్రముతో మొదలైనదని మన పిల్లలు తలంచుచుందురు. అది నిజము కాదు. 1799లో టిప్పు సుల్తాను పతనమైన పిదప మైసూరు సరిహద్దులు కొలుచుటకు వచ్చిన వారెన్ అను సైనికోద్యోగి 1802లో ఈ ప్రాంతమున బంగారమున్నదని విని, చూపినవారికి బహుమాన మిత్తునని ప్రకటించెను. ఉరిగాము గ్రామస్థులు బండెడు మట్టి తెచ్చి, ఆతని కన్నులయెదుటనే నీట కడిగి పసిడి రేణువులు చూపిరి. మారికుప్పము దాపున పల్లీయులు త్రవ్విన గుంతలలోనికి ఆతడు దిగి చూచెను. ఆ తరువాత 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినది. 1902లో శివనసముద్రము నుండి విద్యుచ్ఛక్తి వచ్చినది. గని పదివేల అడుగులకు మించిన లోతునకు దిగినది. 2001 ఫిబ్రవరి 28న మూతపడినది. ఇంత చరిత్రమునకును మొదట నిలిచినది మట్టి కడుగు చేయియే.

దక్షిణదేశమున పసిడి కడుగువారికి నడుమ లోతుగా తొలిచిన కొయ్యపళ్లెమే సాధనము. దానిలోని యుపాయము మన విజ్ఞానశాస్త్ర పాఠమే. బంగారము నీటికంటె సుమారు 19 రెట్లు బరువు. ఇసుక రెండున్నర రెట్లకు కొంచెము మించును. పళ్లెమును నీటిలో ముంచి మెల్లగా త్రిప్పినచో ఇసుక అంచు దాటి పోవును, పసిడి అడుగున నిలుచును. తడిసిన కొయ్య పొరలు సన్నని రేణువులను జారిపోనీయక పట్టుకొనును. పళ్లెమును తొలిచినవారికి ఈ లెక్క వ్రాత రాకపోవచ్చును. వారి వ్రేళ్లకు మాత్రము తెలియును.

ఇక పాత్ర చేయు విధము వినుడు. ఎండి పడిన పనస దుంగను నిలువున రెండుగా చీల్చవలెను. దుంగ నట్టనడిమి భాగము పాత్రలో చేరరాదు. పగుళ్లు అచ్చటినుండియే బయలుదేరును. గన్నేరు, జిల్లేడు, ముష్టి వంటి విషపు చెట్ల కొయ్యను తాకనే రాదు. వేపకొయ్య గట్టిదే గాని తినుబండమునకు చేదు తగిలించును. చీల్చిన ముఖముమీద పట్టకారుతో కణకణలాడు నిప్పులుంచి, ఊదుగొట్టముతో మెల్లగా ఊదవలెను. అంచులకు తడి బంకమన్ను మెత్తిన అవి కాలవు. వ్రేలి మందమున బొగ్గు పట్టగానే నిప్పులు తీసి, పలుగురాతి పెచ్చుతో గీకివేయవలెను. మరల నిప్పు, మరల గీకుడు. తొందరపడి పెద్దమంట పెట్టినచో కొయ్య బీటలువారును. అడుగు పలుచబడిన తరువాత ఒక్క నిమిషము ఏమరినను చిల్లు పడును. పిమ్మట ఇసుకతో రుద్ది, నీడలో ఆరబెట్టి, అవిసెనూనె పట్టించవలెను. పలుగురాయి ఈ నేలకు పరాయిది కాదు. మన గనులలోని పసిడి ఆ రాతి పొరలలోనే దాగియుండెను. ఆ రాతిని పగులగొట్టుటకు ప్రాచీనులు మొదట మంటపెట్టి కాల్చినవారే.

ఈ విద్య ఒక్క ఊరిది కాదు. ఉత్తర అమెరికాలోని ఆదిమజాతులు దుంగలను నిప్పుతో కాల్చి, ఆలుచిప్పలతో గీకి పడవలు చేసిన విధము 1590లో అచ్చయిన చిత్రములలో కలదు. మన కొల్లేటి జాలరులు తాటిమ్రాను మొదలును తొలిచి దోనె చేసికొన్నారు. నల్లమల చెంచులు సొరబుర్రను నీటికుండగా, వెదురుగొట్టమును భద్రపేటికగా వాడుకొన్నారు. ఉన్న చెట్టును చూచి వలసిన పాత్రను ఊహించుటయే వీరందరి నేర్పు.

మన పాఠశాల భాష నిలుపుటకు పుట్టినది. ఆ దృష్టితోను ఈ పనిని చూడుడు. మరిగె అను మాట తెనుగునను కన్నడమునను ఒక్కటే. తమిళులు మరవై అందురు. పొరుగువారితో మనకు గల చుట్టరికము ఒక్క కొయ్యగిన్నెలో తెలియును. సోల, తవ్వ, మానిక, కుంచము అను కొలపాత్రల పేర్లు మన పిల్లలు పద్యపు టీకలలో మాత్రమే చదువుచున్నారు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము అని తెలిసికొనుటకు వారి చేతిలో ఒక్క కొలపాత్రయు లేదు. వస్తువు ఇల్లు విడిచిన యెడల మాటయు దాని వెంటనే పోవును. నిఘంటువు దానిని దాచగలదు గాని పలికింపలేదు.

అభ్యంతరములు మూడు విన్నాము. నిప్పు ప్రమాదమందురు. నిజమే, కావుననే ఆరుబయట, ఇసుకయు నీటితొట్టియు దగ్గరనుంచుకొని, ఉపాధ్యాయుల కనుసన్నలలో, నలుగురేసి పిల్లలకు మాత్రమే ఈ పని జరుగును. పరీక్షల కాలము పోవునందురు. కావున అర్ధసంవత్సర సెలవుల తరువాతి శనివారములే తీసికొందుము. మూడవది, ఎవరును బిగ్గరగా చెప్పనిది: "మా తాతతండ్రులు చేతిపనితో అలసిరి, బిడ్డలకైనను ఆ పని తప్పవలెను" అన్నది. ఈ మాటను మేము గౌరవింతుము. గనిలో చెమటోడ్చిన కుటుంబములకు అట్లనుటకు హక్కు కలదు. అయితే కడుపునకై తప్పక చేసిన పని వేరు, తెలివికై కోరి నేర్చిన పని వేరు. గని మూతపడినప్పుడు తండ్రుల నేర్పులో ఎంత భాగము పిల్లలకు చేరక పోయినదో మీకు మాకంటె బాగుగా తెలియును. చేతిపని తక్కువదని ఎంచు పిల్లవానికి తన తండ్రి గొప్పతనము ఎన్నటికిని అర్థము కాదు.

మొక్కై వంగనిది మానై వంగునా యని పెద్దలు చెప్పుదురు. పిల్లల వ్రేళ్లు వంగునట్టి వయస్సు ఇదియే. కావున మిమ్ము కోరునది రెండే. అనుమతిపత్రముమీద సంతకము చేయుడు. ఇంట అటుకమీదనో, అవ్వ పెట్టెలోనో కొయ్యపాత్ర యేదైన మిగిలియున్న, దానిని ఒక్క దినమునకు పాఠశాలకు పంపుడు. దాని పేరేమో, దానిలో ఏమి పోసెడివారో బిడ్డచేత తెనుగున వ్రాయించి పంపుడు. పాత్రను పదిలముగా తిరిగి యిత్తుము. ఆ పేరు మాత్రము ఇచటనే నిలుచును.