గాలము వేయువారికి సంఘమేల?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములుగా చందాదారుల చిన్న చిన్న మొత్తములతో నిలిచిన ఈ గ్రంథాలయపు ఉత్సవమున సంఘములను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. సంఘమనగానే మనకు పరపతి సంఘము, పాల సంఘము, రైతు సంఘము జ్ఞప్తికి వచ్చును. నేను నేడు చెప్పబోవునది వేరొక తెగ సంఘములను గూర్చి. గట్టున కూర్చుండి, గాలపు కర్ర చేతబట్టి, వినోదమునకై చేపలు పట్టువారి సంఘములవి. ఇది విని మీలో కొందరు నవ్వుకొందురని నేనెరుగుదును. గాలము వేయుట ఒంటరి పని. ప్రక్కన ఎవడైన మాటలాడిన చేప రాదని మన పెద్దలే విసుగుకొందురు. అట్టి పనికి సంఘమెందుకు, చందా ఎందుకు, కార్యదర్శి ఎందుకు?

ఈ ప్రశ్నకు మంచి సమాధానము ఇంగ్లండు దేశమున దొరకుచున్నది.

ఆ దేశమున గాలపువేట ధనికుల వేడుక మాత్రమే కాదు. సాల్మను, ట్రౌటు చేపలు తిరుగు మంచి యేరులు చాలవరకు పెద్ద భూస్వాముల అధీనమున నుండెను గాని, పారిశ్రామిక పట్టణముల వెంట పారు నదులలో సెలవునాడు గాలము వేయువారిలో గనిపనివారును, మిల్లు కార్మికులును ఎందరో యుండిరి. వారు క్లబ్బులుగా నేర్పడి, నదిలో కొంత మేర చేపలు పట్టు హక్కును కౌలునకో క్రయమునకో తీసికొనుచుండిరి. ఈ హక్కు అను మాటను మీరు గుర్తుంచుకొనుడు. ఆ దేశపు న్యాయము ననుసరించి చేపలు పట్టు హక్కు ఒక ఆస్తి. పొలము గలవాడు తన పొలములోనికి మురుగు వదలిన పొరుగువానిపై వ్యాజ్యము వేయగలిగినట్లే, ఆ హక్కు గలవాడు నీటిని చెరచినవానిపై వ్యాజ్యము వేయవచ్చును. ఊరక గట్టున కూర్చుండి చూచువానికి ఆ సౌకర్యము లేదు.

డార్బీ అను పట్టణము డెర్వెంట్ నది యొడ్డున నున్నది. ఆ పట్టణపు గాలపువేటగాండ్ర సంఘము పేరు ‘ప్రైడ్ ఆఫ్ డార్బీ’. వారి హక్కు గల నీటిలోనికి మూడు వైపులనుండి కీడు వచ్చి పడుచుండెను. కృత్రిమపు పట్టు తయారుచేయు బ్రిటిష్ సెలనీస్ కంపెనీవారు తమ వ్యర్థజలమును వదలుచుండిరి. విద్యుత్కేంద్రమువారు వేడినీటిని వదలుచుండిరి. సాక్షాత్తు డార్బీ పురపాలక సంఘమువారే, సరిగా శుద్ధి కాని మురుగునీటిని వదలుచుండిరి. నీరు వేడెక్కినకొలది దానిలో నిలుచు ప్రాణవాయువు తగ్గును. మురుగు కుళ్లునపుడు మిగిలిన ప్రాణవాయువును అది హరించును. ఇక చేపకు ఊపిరి యెక్కడిది? చేపలును, చేపల కాహారమైన చిరుప్రాణులును నశించెను.

సంఘమువారు ముగ్గురిపైనను కోర్టుకెక్కిరి. పురపాలకులు చెప్పిన సమాధానము వినదగినది. మేము కట్టించిన మురుగు శుద్ధి కేంద్రము కట్టిననాటికి చాలియుండెను, పట్టణము పెరిగిన మేమేమి చేయుదుము, శాసనమే మాకు అధికార మిచ్చెను గదా యని వారి వాదము. పని చేయుటకు శాసన మధికార మిచ్చిన మాట నిజమే గాని, పరుల నీటిని పాడుచేయుట కిచ్చినట్లు కాదని కోర్టు వారి వాదమును త్రోసివేసెను. 1952లో నిషేధాజ్ఞ లభించెను. అప్పీలు కోర్టును దానిని స్థిరపరచెను. మురుగు నొక్కనాటిలో ఆపుట అసాధ్యము గనుక పురపాలకులకు గడువు మాత్ర మిచ్చిరి.

నదులను చూచుకొనుటకు ప్రభుత్వమున్నది గదా, వేటగాండ్రకు ఈ పని యేలయని అడుగువారికి నే నీ వ్యవహారమునే చూపుదును. ఇచ్చట ప్రతివాదులలో నొకరు పట్టణపు పాలకులే!

అంత పెద్ద కంపెనీతోను, పురపాలక సంఘముతోను పోరాడుటకు ఒక పట్టణపు వేటగాండ్రకు ధనమెక్కడనుండి వచ్చెను? ఇంగ్లండులో వ్యాజ్యమోడినవాడు ఎదుటివాని ఖర్చులు కూడ చెల్లింపవలెను. న్యాయము తమ పక్షమున నున్నను చిన్న క్లబ్బులు నోరు మూసికొని యుండుటకు కారణ మీ భయమే. దీనిని గ్రహించిన జాన్ ఈస్ట్‌వుడ్ అను న్యాయవాది 1948లో దేశములోని గాలపువేటగాండ్రందరికి నొక సహకార సంఘమును స్థాపించెను. క్లబ్బులును, వ్యక్తులును చందా లిత్తురు. ఏ నదిపైనైన కీడు వచ్చినపుడు సంఘము నిపుణులచేత నీటిని పరీక్ష చేయించి, ప్లీడర్లను పెట్టి, ఓడిన ఖర్చులను తాను భరించుటకు పూచీ పడును. డార్బీవారి వెనుక నిలిచినది ఈ సంఘమే. తన నది శుభ్రముగా నున్నవాడు ఎన్నడును చూడని వేరొక నదికొరకు చందా యిచ్చుచుండెనన్న మాట.

దీనిపై ప్రతిపక్షులు ఊరకుండలేదు. డర్హాము ప్రాంతమున డెర్వెంట్ అను పేరుగల నది వేరొకటి కలదు. (ఇంగ్లండువారికి నదులు పెక్కు, పేర్లు తక్కువ.) ఆ నదిని చెరచుచున్నారని కాన్సెట్ ఇనుప కంపెనీపై అచటి హక్కుదారులు తెచ్చిన వ్యాజ్యమునకు ఈ సంఘమే అండగా నిలిచెను. పరుల తగవునకు పెట్టుబడి పెట్టి వ్యాజ్యములు నడుపుట ఆ దేశపు ప్రాచీన న్యాయమున నేరము. సంఘమువారు చేయుచున్నది ఆ నేరమేయని కంపెనీ వాదించెను. ఈ వాదము నెగ్గినచో సంఘపు పని యంతటితో సమాప్తమై యుండెడిది. 1955లో కోర్టువారు దానిని నిరాకరించిరి. నీటి శుభ్రతయందు సభ్యులందరికిని సమానమైన ఆసక్తి కలదు గనుక, తమలో నొకని వ్యాజ్యమునకు తక్కినవారు తోడ్పడుట తప్పు కాదనిరి. నా దృష్టిలో డార్బీ తీర్పుకంటెను ఇదియే విలువైనది. ఆ సంఘము నేడు ‘ఫిష్ లీగల్’ అను పేరున పని చేయుచున్నది. 2009లో ఏర్పడిన ‘ఆంగ్లింగ్ ట్రస్ట్’ దానికి తోడు.

అమెరికాలో వేరొక మార్గము త్రొక్కిరి. 1922లో చికాగో నగరమున 54 మంది కూడి, గాలపువేటపై 1653లోనే గ్రంథము వెలువరించిన ఐజాక్ వాల్టన్ పేర నొక సంఘము పెట్టిరి. ఎగువ మిసిసిపీ నది పల్లపు భూములనుండి నీటిని తోడివేయు ప్రయత్నమును వారు ఎదిరించిరి. సంఘము పుట్టిన రెండేండ్లకే, అనగా 1924లో, ఆ ప్రాంతమును వన్యప్రాణులకును చేపలకును ఆశ్రయముగా ప్రకటించుచు అమెరికా కాంగ్రెసు శాసనము చేసెను. తుపాకితో వేటాడువారును వెనుకబడలేదు. 1934నుండి నీటిపక్షుల వేటకు ప్రత్యేకపు స్టాంపు కొనవలెను. తొలుత దాని వెల ఒక డాలరు. ఆ ధనముతో బాతులు నివసించు చిత్తడినేలలను కొనిరి. 1937నుండి వేట తుపాకులపైనను, తూటాలపైనను వచ్చు పన్ను వన్యప్రాణి రక్షణకు చెందుచున్నది. వేటసంఘములే ఈ పన్నును బలపరచెను. బాతులను చంపుటకే బాతులను పెంచుట యేమి ధర్మమని మీరడుగవచ్చును. నాకును ఆ సందేహము కలదు. అయినను వారి స్వార్థము వలన చిత్తడినేల మిగిలినది, దానిపై బ్రతుకు కొంగయు మిగిలినది.

మన దేశమున 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత అడవిజంతువులను వినోదమునకై వేటాడుట నేరము. కావున తుపాకివేట సంఘములను గూర్చి మనకు నిమిత్తము లేదు. గాలపు సంఘములు మాత్రము కలవు. కావేరి నదిలోని మహసీరు చేపకై అదే 1972లో బెంగుళూరున దక్షిణభారత వన్యప్రాణి సంఘము ఏర్పడెను. పట్టిన చేపను తూచి తిరిగి నీట విడుచుట కావేరి వేటగాండ్రలో ఆచారమయ్యెను.

ఆ కావేరి కథలో హెచ్చరికయు నున్నది. గాలిబోరె శిబిరమున వేటగాండ్రు 1998నుండి 2012వరకు పట్టిన చేపల లెక్క వ్రాసి యుంచిరి. 2015లో పరిశోధకులు ఆ లెక్కలను చూడగా, కావేరికి సొంతమైన మూపురపు మహసీరు క్రమముగా మాయమగుచుండుటయు, పిల్లలను పెంచి విడిచిన నీలిరెక్కల మహసీరు పెరుగుచుండుటయు తెలిసెను. మేలు చేయుచున్నామని విడిచిన పిల్లలే సొంతజాతికి పోటీయైనవని వారి అభిప్రాయము. 2018లో మూపురపు మహసీరు అత్యంత ప్రమాదస్థితి నున్న జాతిగా ప్రకటింపబడెను. వేటగాండ్ర పుస్తకములే లేకున్నచో ఈ సంగతి బయటపడుటకు ఇంకెంత కాలము పట్టెడిదో!

మన యువకులలో గాలపు కర్రలు కొనువారు పెరుగుచున్నారు. అట్టివారు ఏ సంఘమునందైన చేరదలచినచో మొదట కొన్ని సంగతులు విచారింపవలెను. ఏటేట లెక్కలు సభ్యులముందు పెట్టుదురా? పోటీలు, బహుమతులు తప్ప నీటి మాట యెన్నడైన ఎత్తుదురా? చేపపిల్లలను తెచ్చి విడుచునపుడు అవి ఏ నదివో అడిగి తెలిసికొందురా? వలతో బ్రతుకు మత్స్యకారులను తరిమి తమ వినోదమునకు చోటు చేసికొను సంఘమైతే దానికి ఒక్క రూపాయియు ఇయ్యవలదు. చెరువు పాట పాడి, పిల్ల వేసి, కాపలా కాయు మత్స్యకార సహకార సంఘమే మన యూళ్లలో నీటి మంచిచెడ్డలను ముందుగా ఎరిగినది. గాలపువారు దానితో చేతులు కలుపవలెను. 2010 చట్టముచేత ఏర్పడిన జాతీయ హరిత ట్రైబ్యునలు ముందుకు బాధితుడే గాక సంఘము కూడ ఫిర్యాదుతో పోవచ్చును. దక్షిణాదికి దాని పీఠము చెన్నైలో నున్నది. అర్జీకి నీటి పరీక్ష కాగితములు కావలెను, చచ్చిన చేపల ఛాయాచిత్రములు తేదీలతో కావలెను, ప్రయాణపు ఖర్చు కావలెను. వీనిని సమకూర్చుట ఒక్కనివల్ల కాదు.

ప్రొద్దు పోయినది, నా తరువాత హరికథ యున్నది.